దగ్గరే కదా!

క్రిస్మస్ సెలవులకి మా మరిది వాళ్లు హైదరాబాదు నుంచి వస్తున్నారు. "ఒక ఐలాండ్ ట్రిప్ పెట్టండి వదినా, పిల్లలు సరదా పడుతున్నారు" అని ఫోను. మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే తేల్చేశారు. "ఎలిఫెంటా ఉందిగా. దగ్గరే కదా, పెద్ద ఖర్చు కూడా ఉండదు. నువ్వు కాస్త పులిహోర కలిపితే చాలు."

ఈ "దగ్గరే కదా" అనే మాట మీద నాకు ఏళ్ల నాటి కోపం ఉందండీ.

ఊటీకి వెళ్లినప్పుడు సాంబారు కాచి తెమ్మని ఎవరూ అనలేదు. అది దూరం, కాబట్టి హోటల్లో తింటాం. ఊరి పక్కన దీవి అయ్యేసరికి వంటగది కూడా మనతోపాటు పడవెక్కాలి. దగ్గరైనందువల్ల మిగిలే డబ్బంతా ఇంటి ఆడమనిషి నడుములోంచి వస్తుందని ఏ లెక్కలోనూ రాయరు.

పోయినసారి ఎలిఫెంటా ప్రయాణం చెప్తాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. పులిహోర, దద్దోజనం, చపాతీలు, బంగాళాదుంప కూర, కాగితం పళ్లేలు, నీళ్ల సీసాలు. థానేలో లోకల్ ఎక్కి, దిగి, టాక్సీలో గేట్‌వే దగ్గరికి. అక్కణ్ణించి లాంచీలో గంట. దిగాక గుహల దాకా నూట ఇరవై మెట్లు. అక్కడ కోతులు ఎక్కువ. సగం మెట్లెక్కేసరికి చపాతీల సంచీ ఒక కోతి చేతిలో ఉంది. ఇంటిల్లిపాదీ అన్నమాట ఒకటే, "సరిగ్గా పట్టుకోవద్దూ!"

ఇక మిగిలిన సంచులకి కాపలా కావాలిగా. చెట్టు కింద నేను కూర్చున్నాను, వాళ్లంతా లోపలికి వెళ్లారు. మూడు ముఖాల శివుడి విగ్రహం సుమారు 20 అడుగుల ఎత్తుంటుంది. 1987లో యునెస్కో ఆ గుహల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత విగ్రహాన్ని గుమ్మం దాకా వెళ్లి నేను చూసింది మా అమ్మాయి ఫోనులో.

"నిన్నెవరు వండమన్నారు?" అంటారు మావారు. నిజమే, ఎవరూ అనలేదు. ఒంటిగంటకి "తినడానికేముంది?" అని మాత్రం నన్నే అడుగుతారు. ఆహార విహారాలని పెద్దవాళ్లు జంటపదం ఎందుకు కట్టారో గానీ, మా ఇంట్లో విహారం వాళ్లది, ఆహారం నాది.

బయటి తిండి పడదంటారా? పెళ్లిళ్లలో పడుతున్నదేగా.

ఇంకో సంగతి. ఆ దీవి అసలు పేరు ఘారాపురి, అక్కడ ఊళ్లున్నాయి. రాత్రయితే ముంబయి దీపాలు కనిపించేంత దగ్గర. అయినా సముద్రం అడుగున కేబుల్ వేసి కరెంటు ఇచ్చింది 2018లో. వాళ్లక్కూడా పాపం "దగ్గరే కదా" అన్నవాళ్లే తప్ప పట్టించుకున్నవాళ్లు లేరు. యాత్రికులు రాత్రి ఉండకూడదు కాబట్టి పగలు మనం కొన్నదే వాళ్ల బేరం. మెట్ల పక్కన దోసకాయ ముక్కలూ నిమ్మ షర్బతూ అమ్మే ఆడవాళ్ల ముందు మనం డబ్బాలు విప్పుకుని తిని, ఎంగిలి పళ్లేలు వదిలి వస్తాం.

ప్లాన్ అంటే పులిహోర కాదు. సోమవారం గుహలు మూసేస్తారు, కాబట్టి మంగళవారం. పొద్దున్నే బయల్దేరాలి, ఎండెక్కాక ఆ మెట్లు కష్టం. అత్తగారి మోకాళ్లకి డోలీ మాట్లాడాలి. అన్నిటికంటే ముందు లాంచీలో అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి, "గంటే కదా" అనకుండా. 2024 డిసెంబరులో నౌకాదళం స్పీడ్ బోటు ఢీకొని ఎలిఫెంటా వెళ్లే లాంచీ మునిగింది, పదిమందికి పైగా పోయారు. ఇవన్నీ చూసుకునే పని మావారికి అప్పగించాను. కాగితం మీద రాసి మరీ ఇచ్చాను.

భోజనం దీవి మీదే, అక్కడివాళ్ల హోటల్లో. నా చేతిలో ఉండేది నా చిన్న సంచీ ఒక్కటే. ఈసారి నేనే అందరికంటే ముందు గుహలోకి వెళ్తాను, ఎంతసేపు నిలబడతానో చెప్పలేను.

అత్తగారు మాత్రం జంతికల డబ్బా ఒక్కటైనా తేవాల్సిందేనని పట్టుబట్టారు. సరేనన్నాను. దాన్ని మావారు మోస్తారు.