తడి బొగ్గు ఖరీదు

తాండూరు అనగానే మన ఇల్లాళ్ళకు కందిపప్పూ, ఇల్లు కట్టేవారికి నాపరాయీ గుర్తుకు వస్తాయి. ఆ పక్కనే కరణ్‌కోటలో సిమెంట్ కార్పొరేషన్ వారి కర్మాగారం ఉన్నది. ఇలాంటిచోట సున్నపురాయిని కాల్చే ముందు బొగ్గును ఆరబెట్టాలంటే మీరు నవ్వుతారేమో!

వానాకాలంలో పచ్చికట్టెలతో అవస్థపడిన అమ్మమ్మలనడగండి. పొయ్యి మొదట కట్టెలోని నీళ్ళను కాస్తుంది, ఆ తరువాతే అన్నం కుండను. బొగ్గు సంగతీ అంతే. టన్ను బొగ్గులో నూటికి పదివంతులు తడి ఉన్నదనుకోండి. అంటే 100 కిలోల నీరు. దాన్ని ఆవిరి చేయడానికి సుమారు 61,000 కిలోకాలరీల వేడి కావాలి. మధ్యరకం బొగ్గయితే పదమూడు, పద్నాలుగు కిలోలు అందుకే ఖర్చు!

సిమెంటు కొలిమిలో సరుకు దాదాపు 1,450 డిగ్రీల దాకా కాగాలి. ఇంత వేడికి బొగ్గును గంధంలా పొడిచేసి ఊదుతారు. పొడిచేసే మరలోకే కొలిమినుంచి బయటికి పోయే వేడిగాలిని మళ్ళిస్తారు. వృథా పోయే వేడితో పని జరిగిపోతుంది. తమాషా ఏమంటే, పూర్తిగా ఎండగొట్టరు. బొత్తిగా తడిలేని బొగ్గుపొడి తనంతట తానే రాజుకుంటుంది, ఒక్కొక్కప్పుడు పేలుతుంది కూడాను. అందుకని కాస్త చెమ్మ ఉంచుతారు.

నైవేలి లిగ్నైటుది మరీ చోద్యం. తవ్వి తీసినప్పుడు అందులో సగం నీళ్ళే! ఆరబెడితే పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని ఎండబెట్టి, ఇటుకలుగా నొక్కి, గాలి తగలకుండా కాల్చి, 'లెకో' అనే పొగలేని బొగ్గు చేసి చాలాకాలం అమ్మారు. మద్రాసులోని మన తెలుగు ఇళ్ళ కుంపట్లూ దానితో వెలిగాయి.

గాలి తగలకుండా కాల్చడమంటే, అడవిలో కట్టెబొగ్గు చేసేవారి విద్యే. రాతిబొగ్గును సుమారు 600 డిగ్రీల దాకా కాస్తే మొదట నీరు పోతుంది, తరువాత తారూ గ్యాసూ వస్తాయి. కంటికి నీళ్ళు తెప్పించే పొగంతా ఇందులోదే. మిగిలినది పొగలేని గట్టిబొగ్గు. సింగరేణి బొగ్గు కాగితే ముద్దకట్టదు, కనుక దానంతటది ఉక్కుకొలిముల కోకుకు పనికిరాదు. దాన్ని ఇలా వాడుకోవచ్చునా అని హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనశాలవారు ఏళ్ళతరబడి శ్రమించారు. 1944లో నిజాం రాజ్యంలో పుట్టిన సంస్థ అది.

శ్రమ మంచిదే. కాని ఆడవాళ్ళ కళ్ళను కాపాడవలసిన ఆ బొగ్గు ఇంటింటికీ చేరకముందే వంటగ్యాసు వచ్చి, కుంపటినే అటకెక్కించింది. మంచిర్యాల పక్కన నస్పూరులో బొగ్గు రసాయనాల కర్మాగారం పేరుమీద వెలసిన పేటను జనం ఇప్పటికీ 'సి.సి.సి.' అనే పిలుస్తారు. ఆ మూడక్షరాలకూ అర్థం చెప్పమంటే అక్కడి కుర్రకారులో ఎందరు చెప్పగలరో!