సువాసన ఎక్కడికి పోతుంది?

సబ్బు, షాంపూ, పౌడరు, బాడీ స్ప్రే... ఏది కొనాలన్నా ముందు వాసన చూడటం చాలామందికి అలవాటు. ఒంటిమీద ఆ పరిమళం కాసేపే. ఆ తర్వాత? స్నానం నీళ్లతోపాటు తూములోకి, మురుగుకాల్వలోకి, చివరికి నదిలోకి!

ఒకప్పుడు కస్తూరి పరిమళం కావాలంటే కస్తూరి మృగాన్ని వేటాడాల్సిందే. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద ప్రయోగాలు చేస్తుంటే, అనుకోకుండా కస్తూరి వాసనున్న రసాయనం పుట్టింది. అలా మొదలైన కృత్రిమ కస్తూరులు చౌక కావడంతో ఇంటింటి సబ్బులోకీ చేరాయి.

1981లో జపాన్ శాస్త్రవేత్తలు టోక్యోలోని తామా నది చేపల్లో మస్క్ జైలీన్, మస్క్ కీటోన్ అనే రసాయనాలను గుర్తించారు. 1990ల్లో జర్మనీలో తల్లిపాలలోనూ ఇలాంటివి కనిపించాయి. ఇవి నీటిలో పెద్దగా కరగవు, కొవ్వులో మాత్రం ఇట్టే కరుగుతాయి. అందుకే జీవుల ఒంట్లో చేరతాయి.

వీటి ముప్పును ఎలా లెక్కగడతారు? ఓ రసాయనం నదిలో ఎంత ఉండొచ్చో అంచనా వేస్తారు. నాచుకు, నీటిపురుగులకు, చేపలకు ఎంతవరకూ హాని చేయదో పరీక్షిస్తారు. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే ఒకటి కన్నా తక్కువ వస్తే ఫర్వాలేదు. ఎక్కువొస్తే జాగ్రత్త పడాలి. ఇప్పుడు విరివిగా వాడే గెలాక్సోలైడ్‌తో నీటిజీవులకు ముప్పు తక్కువేనని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2014లో తేల్చింది. మస్క్ జైలీన్ మాత్రం గట్టెక్కలేదు. అది ప్రకృతిలో త్వరగా విచ్ఛిన్నం కాదు, జీవుల్లో పేరుకుపోతుంది. అందుకే ప్రత్యేక అనుమతి లేనిదే వాడకూడని పదార్థాల జాబితాలో యూరప్ సమాఖ్య 2011లో దాన్ని చేర్చింది.

ఈ లెక్కకు అందని సంగతులూ ఉన్నాయి. జీవుల కణాల్లో విషాలను బయటికి తోసే పంపుల్లాంటి ఏర్పాటు ఉంటుంది. కృత్రిమ కస్తూరులు ఆల్చిప్పల మొప్పల్లో ఆ పంపులను మొరాయించేలా చేస్తాయని 2005లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. కస్తూరి తానుగా చంపకపోయినా, వేరే విషాలకు తలుపు తెరుస్తుందన్నమాట!

ఇంకో చిక్కుంది. ఆ దేశాల లెక్కల్లో మురుగునీరు చాలావరకూ శుద్ధయ్యాకే నదిలో కలుస్తుంది. మరి మన దగ్గర? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజూ సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగునీరు వస్తుంటే, శుద్ధయ్యేది 2,024 కోట్ల లీటర్లే. కాబట్టి అక్కడ 'ముప్పు తక్కువ' అన్నమాటను ఇక్కడ అలాగే నమ్మేయలేం. మన నదులకు మన లెక్క కావాలి.

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. డబ్బా మీద 'పర్‌ఫ్యూమ్' అన్న ఒక్కమాట వెనుక పదుల రసాయనాలు ఉండొచ్చు. 'అన్‌సెంటెడ్' అని రాసినా వాసనను కప్పేందుకు పరిమళం కలిపి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉంటే మేలు. గుప్పెడు షాంపూ బదులు చెంచాడు చాలు. ఘాటైన వాసనే శుభ్రతకు గుర్తన్న భ్రమ వదులుకుంటే ఏటికీ మంచిది, పర్సుకీ మంచిది!