వీలునామా సరే, భూమి ఎవరిది?

ఇంటి పెద్ద కన్నుమూసి పదకొండు దినాలు తిరగకముందే పెట్టె అడుగు నుంచి ఒక కాగితం బయటపడుతుంది. చివర ఒక వేలిముద్ర, పక్కన ఇద్దరి సంతకాలు. యావత్తు భూమీ పెద్దకొడుకు పేర రాసినట్టు అందులో ఉంటుంది. చిన్నకొడుకు మేస్త్రీ వెంట ఏ పుణెకో, ముంబైకో మట్టిపనికి పోయి ఉంటాడు. ఆడబిడ్డ చావుకు వచ్చి, దినాలు కాగానే అత్తగారింటికి మళ్ళి ఉంటుంది. వీలునామా సంగతి ఆ ఇద్దరికీ తెలిసేసరికి పాసుబుక్కు మారిపోయి ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో భూమి తగాదాలు కాస్త ఎరిగినవారికెవరికీ ఇది కొత్త కథ కాదు.

ఇటువంటప్పుడు మన రైతులు మొట్టమొదట వేసే ప్రశ్న ఒకటే: "ఆ వేలిముద్ర మా నాయినదేనా?" న్యాయమైన ప్రశ్నే. కానీ అది రెండో ప్రశ్న. అంతకుముందు అడగవలసింది వేరే ఉంది. ఆ భూమినంతా ఒకరికి రాసిచ్చే హక్కు అసలు ఆయనకుందా? వీలునామా నిజమైనదే కావచ్చు. నిండు తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసిందే కావచ్చు. అయినా తనది కాని భూమిని ఎవరూ ఎవరికీ రాసివ్వలేరు. ఈ ఒక్క సంగతి తెలియక, దొంగ సంతకమని రుజువు చేయడం మీదనే ఏండ్లూ పైసలూ పోగొట్టుకుంటున్నారు. సంతకం నిజమని తేలిన నాడు ఇక అంతా పోయిందనుకుని ఇంటికొచ్చి కూర్చుంటున్నారు.

ఈ తగాదాలు ఇప్పుడింత ముదరడానికి కారణం ఇంట్లో ప్రేమలు తగ్గడమని పెద్దలు నిట్టూరుస్తారు. అసలు కారణం పొలంలో ఉంది. ఒకప్పుడు ఇక్కడి చెల్క భూమి అన్నదమ్ముల్లో ఎవరికి దక్కినా ఒక్కటే. దాని మీద బతకలేక ఇద్దరూ వలస పోయేవారు. "పాలమూరు లేబరు" అన్న పేరు అట్లా వచ్చిందే. తర్వాత జూరాల వచ్చింది. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాయి. గద్వాల వైపు విత్తన పత్తి కంపెనీలు దిగాయి. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన చెల్కలు ప్లాట్లయ్యాయి. 2016 అక్టోబరులో మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలు కావడంతో ధరలకు ఇంకా రెక్కలొచ్చాయి. దీనికి తోడు 2018 నుంచి పెట్టుబడి సాయం పట్టా ఎవరి పేర ఉంటే వారి ఖాతాలో పడుతోంది. 2025 జనవరిలో మొదలైన రైతు భరోసాలో అది ఎకరాకు, పంటకు 6,000 రూపాయలు. మూడు తరాలు ఎవరూ పట్టించుకోని పట్టా కాగితానికి ఇంత గిరాకీ ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర లేదు.

గిరాకీ వచ్చిన కాగితాన్ని ముందుగా చేజిక్కించుకునేది ఎవరు? ఊళ్ళో ఉన్నవాడు, మండల కార్యాలయంలో నలుగురిని ఎరిగినవాడు, చేతిలో నాలుగు పైసలున్నవాడు. నష్టపోయేది వలస పోయినవాడు, ఆడబిడ్డ, విధవరాలు. కనుక వీలునామా తగాదాను "ఇంటి విషయం" అని రైతు ఉద్యమం పక్కన పెట్టడానికి వీల్లేదు. భూమి పంపిణీ గురించి మాట్లాడే మనం ఇంటి లోపలి పంపిణీ దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకోవడం, నిజం చెప్పాలంటే, చాలాకాలంగా ఉన్న జబ్బే.

ఆడవాళ్లకు భూమి అంటే ఈ ప్రాంతానికి తెలియదని కాదు. గద్వాల సంస్థానాన్ని 1924 నుంచి 1949లో విలీనమయ్యేదాకా మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఏలింది. కోటలో భర్త పోయిన స్త్రీకి సంస్థానం దక్కింది. కోట కింద రైతు కూతురికి మాత్రం ఎకరం ఖుష్కి దక్కలేదు. పెండ్లినాడు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పదో పరకో, గొర్రెపిల్లో చూపించి "నీ పాలు నీకు ముట్టింది" అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. ఆ ముట్టినదానికి కాగితం ఉండదు. అది ఆమె వాటాను చెరిపివేయదు కూడా.

చట్టం ఇక్కడికి మెల్లగా, మెట్టు మెట్టుగా వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమలులోకి వచ్చింది. తండ్రి వీలునామా లేకుండా పోతే ఆయన వాటాలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమభాగం అన్నది. కానీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే ఉంచింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి కూడా ఆ హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెండ్లయిన వాళ్లను బయట ఉంచింది. బాల్యవివాహాలు మెండుగా జరిగిన పాలమూరులో ఆ ఒక్క షరతు ఎంతమందిని వెళ్లగొట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసింది. తండ్రి ఆ నాటికి బతికి ఉండాలా వద్దా అని కోర్టుల్లో పదిహేనేండ్లు నలిగిన వాదాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఉండనక్కర లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. "మేం ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అన్నంత మాత్రాన అది సక్రమ పంపకం కాదు. రిజిస్టరైన పంపకం కాగితమో, కోర్టు డిక్రీయో చూపాలి. నోటిమాట పంపకమైతే దానికి అప్పటి ప్రభుత్వ రికార్డుల గట్టి సాక్ష్యం ఉండాలి.

ఇప్పుడు మళ్ళీ ఆ పెట్టెలోని కాగితం దగ్గరకు వద్దాం. ఎనిమిదెకరాల పిత్రార్జితం ఉందనుకోండి. తల్లి ముందే పోయింది. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. నలుగురికీ పుట్టుకతో సమాన హక్కు కనుక ఒక్కొక్కరి వాటా రెండెకరాలు. తండ్రి ఎనిమిదెకరాలూ పెద్దకొడుకుకు రాసినా, ఆ వీలునామా చెల్లేది ఆయన సొంత వాటా రెండెకరాలకే. చిన్నకొడుకు రెండెకరాలు, కూతురు రెండెకరాలు వీలునామా ఎంత బలమైనదైనా చెక్కుచెదరవు. ఇక ఆ వీలునామా అబద్ధమని తేలితే, తండ్రి రెండెకరాలు కూడా ముగ్గురికీ తలా ఇరవయ్యారు గుంటల పైచిలుకు చొప్పున వస్తాయి. అంటే కొట్లాటంతా నిజానికి ఆ రెండెకరాల మీదనే. మన వాళ్లు ఎనిమిదెకరాలు పోయాయని ఏడుస్తుంటారు.

అయితే తాత భూమి అయినంత మాత్రాన అంతా పిత్రార్జితమే అనుకోవడం కూడా పొరపాటు. తాత 1956 జూన్‌కు ముందే పోయి ఆ భూమి తండ్రికి వచ్చి ఉంటే అది ఉమ్మడిదే. తాత సొంతంగా కొనుక్కున్న భూమి 1956 తర్వాత ఆయన చనిపోయి తండ్రికి వస్తే, అది తండ్రి సొంత ఆస్తి కిందకే వస్తుందని 1986లో చందర్ సేన్ కేసు నాటి నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది. కనుక తగాదా మొదలయ్యేనాడు తేల్చుకోవలసినవి రెండు తేదీలు: తాత ఎప్పుడు పోయాడు, భూమి ఎవరి పేర ఎప్పుడెక్కింది. తెలంగాణలో దీనికి మూలం 1954–55 ఖాస్రా పహాణీ. అంతకుముందుదైతే సేత్వారు. వకీలు గుమ్మం తొక్కేముందు ఈ నకళ్లు చేతిలో ఉంటే సగం దావా తేలినట్టే.

తండ్రి స్వార్జితమైతే కథ మారుతుంది. ఆ భూమిని ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు, పరాయివాడికైనా సరే. అప్పుడు వేలిముద్ర ప్రశ్నే ప్రధాన ప్రశ్న. ఇక్కడ కూడా చట్టం కాగితం చూపినవాడి మీదనే భారం పెట్టింది. ఇద్దరు సాక్షులు ఉండాలి. వారిలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. చేయించినంత మాత్రాన తిరుగులేనిదీ కాదు. ఒకటి కంటే ఎక్కువ ఉంటే చివరిదే చెల్లుతుంది. అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించవలసింది వీలునామా చూపినవాడేనని వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఆరు దశాబ్దాలు దాటినా నిలిచే ఉంది. లబ్ధి పొందినవాడే దగ్గరుండి రాయించాడా? ముసలాయన అప్పటికి మంచం పట్టి ఉన్నాడా? తల్లినీ, కూతురినీ ఎందుకు తప్పించాడో ఒక్క ముక్కయినా రాశాడా? ఎప్పుడూ సంతకం పెట్టే మనిషి ఈ ఒక్క కాగితం మీదనే వేలిముద్ర ఎందుకు వేశాడు? కోర్టు అడిగేవి ఇవే. ఇంకొకటి కూడా చాలామందికి తెలియదు. స్వార్జితమంతా కొడుక్కు పోయినా, ఆ భూమి పొందినవాడు ఆ ముసలి తల్లిని పోషించి తీరాలని 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం చెబుతోంది.

ముస్లిం కుటుంబాల్లో వీలునామా ఆస్తిలో మూడోవంతు దాటి చెల్లాలంటే వారసులు ఒప్పుకోవాలి. నల్లమల అంచున అమ్రాబాద్, అచ్చంపేట తండాలు, చెంచుపెంటల సంగతి మరీ వేరు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. లంబాడా కూతురు 2005 సవరణ పట్టుకుని కోర్టుకు పోతే ముందు ఆ అడ్డు దాటాలి. 2025 జూలైలో ఒక గోండు స్త్రీ వారసుల కేసులో సుప్రీంకోర్టు సమానత్వ సూత్రం మీద వాటా ఇప్పించింది. కానీ ఒక తీర్పు చట్టం కాదు.

అసైన్డు భూమిలో ఒక చిత్రమైన సందు ఉంది. పేదలకిచ్చిన భూమి అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు అని 1977 చట్టం నిషేధించింది. కానీ "బదిలీ" అన్న మాటకు ఇచ్చిన అర్థంలోంచి వీలునామాను మినహాయించింది. పైసలు తీసుకుని భూమి కొన్న ఆసామి అమ్మకం కాగితం కాక వీలునామా రాయించుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. అటువంటి కాగితం ఎదురైనప్పుడు దాని వెనకనున్న లావాదేవీని బయటపెట్టాల్సింది ఊరివాళ్లే.

ఇక కార్యాలయం సంగతి. 2020 అక్టోబరు నుంచి ధరణి నడిచిన కాలంలో రెవెన్యూ కోర్టులు ఎత్తేశారు. వారసులంతా కలిసి ఒప్పందం రాసిస్తేనే పట్టా మారేది. ఒక్కడు అడ్డం తిరిగితే ఆగేది. లేదా వారసుల జాబితాలో ఒకరి పేరు దాచిపెడితే సాఫీగా సాగేది. 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి చట్టం వారసత్వం, వీలునామా కేసుల్లో తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారణ జరపాలంటున్నది. ముప్ఫై రోజుల గడువు పెట్టింది. పై అధికారులకు అప్పీలు అవకాశం మళ్లీ ఇచ్చింది. ఇది మేలే. కానీ ఆ ముప్ఫై రోజుల్లో నోటీసు ఎక్కడికి పోతుంది? ఊళ్లో తాళం వేసిన ఇంటి తలుపు మీదకు. పుణెలో ఉన్నవాడు ఆ తలుపు చూసేది మళ్లీ పండగకే. అయినా గాభరా పడనక్కర లేదు. పట్టా మారడం హక్కు మారడం కాదు. వీలునామా మీద తగాదా ఉంటే తేల్చవలసింది సివిల్ కోర్టేనని 2021లో ఒక మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. గాభరా వద్దు గానీ ఆలస్యమూ వద్దు. తెలిసిన నాడే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టి, రసీదు తీసుకోవాలి. పంపకం దావాతో పాటు అమ్మకం జరగకుండా నిలుపుదల ఉత్తర్వు అడగాలి. ప్లాట్లయి పదిచేతులు మారిన భూమి మీద డిక్రీ గోడకు అతికించుకోవడానికే పనికొస్తుంది.

దావా ఖర్చులో కూడా ఒక మెలిక ఉంది. ఉమ్మడి స్వాధీనంలో ఉన్న భాగస్తుడు పంపకం అడిగితే కోర్టు ఫీజు కొద్ది మొత్తమే. స్వాధీనం తప్పించబడ్డవాడు అడిగితే తన వాటా మార్కెట్ విలువలో ముప్పావు మీద లెక్కకట్టాలి. అంటే వెళ్లగొట్టబడ్డవాడే ఎక్కువ కట్టాలన్నమాట! కనుక ఇంట్లో గది, పొలంలో మడి, ఏదో ఒకటి వదలకుండా పట్టుకుని ఉండటం లెక్కలోకి వస్తుంది. ఆడవాళ్లకు, దళితులకు, గిరిజనులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టం ఇచ్చింది. 2022 జూన్ నుంచి మూడు చోట్లా జిల్లా కోర్టులు ఉన్నాయి. ఇదివరకటిలా ప్రతిదానికీ మహబూబ్‌నగర్ బస్సెక్కనక్కర లేదు.

కోర్టుకు పోకుండా తేల్చుకోవడం అన్నిటికంటే మంచిదని అందరూ అంటారు. మేమూ అంటాం. కానీ పెద్దమనుషుల పంచాయితీలో చెల్లెను గోడవారన కూర్చోబెట్టి "సంతకం పెట్టు బిడ్డా, పుట్టింటి గడప ఉంటది" అనడం తేల్చుకోవడం కాదు, లాక్కోవడం. ఆమె వాటా ఎంతో గుంటల లెక్కన ముందు ఆమెకు చదివి వినిపించాలి. వదులుకుంటే ఎంత వదులుకుంటున్నదో తెలిసి వదులుకోవాలి. కుటుంబ ఒప్పందం నోటిమాటగా జరిగినా చెల్లుతుందని 1976లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ కాగితంతోనే పంపకం జరుగుతుంటే రిజిస్టరు చేయించాలి. కోర్టులో ఉన్న దావా అయితే లోక్ అదాలతులో రాజీ పడవచ్చు. కట్టిన ఫీజు వాపసు వస్తుంది. ఆ అవార్డు మీద అప్పీలు లేదు గనుక అందులో ఏం రాశారో సంతకానికి ముందే చదివించుకోవాలి.

తహసీల్దార్లను రైతు సంఘాలు అడగవలసింది ఒకటుంది. వీలునామా మీద దరఖాస్తు వచ్చిన ప్రతిసారీ గ్రామసభలో చదివి వినిపించాలి. ఆధార్‌తో ముడిపడ్డ ఫోన్లకు ప్రతి వారసుడికీ కబురు పంపాలి. అత్తగారి ఊళ్లో ఉన్న కూతురికి ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి ద్వారా నోటీసు అందించాలి. పెట్టుబడి సాయం పడిందన్న కబురు నిమిషంలో ఫోనుకు పంపగలిగిన యంత్రాంగానికి ఇది పెద్ద పనేం కాదు.