ఎన్ అంటే నీరటి

ఫస్ట్ ఇయర్‌లో హాస్టల్‌కి వచ్చిన మూడో రోజు. మెస్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. వెనకున్న సీనియర్ అన్న నా ఐడీ కార్డు చూసి, "ఎన్ అంటే ఏంది తమ్మీ?" అన్నాడు. ఆయన మామూలుగానే అడిగాడు. నేనే మామూలుగా చెప్పలేకపోయాను.

"నల్గొండ అన్నా" అన్నాను.

"ఓహో, ఊరి పేరా" అని ఆయన సాంబారు బకెట్ వైపు తిరిగాడు. అంతే, అక్కడితో అయిపోయింది. కానీ మా ఇంటిపేరు నల్గొండ కాదు. మాది ఆ జిల్లా కూడా కాదు.

మా ఇంటిపేరు నీరటి. ఈ మాట చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఎందుకు పట్టిందో, ఇప్పుడెందుకు చెప్తున్నానో రాద్దామనే ఈ వ్యాసం.

మన దగ్గర ఇంటిపేరు రెండు కారణాలతో అడుగుతారు. ఒకటి, నిజంగా పేరు తెలుసుకోవడానికి. రెండోది, కులం తెలుసుకోవడానికి. అడిగేది ఏ కారణంతోనో ముందు తెలియదు, జవాబు విన్నాక వాళ్ల మొహం చూస్తే తెలుస్తుంది. అందుకే మనలో చాలామందికి ఇనిషియల్ అంటే అంత ఇష్టం. ఒక్క అక్షరం, ఒక చుక్క. దాని వెనక ఎవరైనా దాక్కోవచ్చు.

తెలుగు ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊరి పేర్లే. గురజాడ, కందుకూరి, టంగుటూరి అన్నీ ఊళ్లే. మనం ఏటా సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డే అని దండ వేసే విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు మోక్షగుండం. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. మోక్షగుండం మాత్రం ఇక్కడ మన బేస్తవారిపేట దగ్గరి పల్లె. పూర్వీకులు ఊరు వదిలి వెళ్లినా ఊరి పేరు వదల్లేదు. తరాల తర్వాత కూడా ఆ కుటుంబం ఎక్కడి నుంచి కదిలిందో ఇంటిపేరే చెప్తోంది.

ఇంకొన్ని ఉంటాయి. పిల్లి, నక్కా, కాకి, పెరుగు, తోటకూర, చింతకాయల. అటెండెన్స్‌లో ఇవి వినిపిస్తే వెనక బెంచీలో నవ్వులు. ఆ నవ్వు పడలేక ఇనిషియల్‌కి మారినవాళ్లు మన బ్యాచ్‌లోనే ఉన్నారు.

మూడో రకం పని పేర్లు. మాది ఆ రకం. ఊరి పేరైతే ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉండొచ్చు, కాబట్టి దాని చాటున కాస్త చోటు ఉంటుంది. పని పేరుకి ఆ చోటు లేదు. మెస్ లైన్లో నా నోట ఊరి పేరు ఎందుకొచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇంతకీ నీరటి అంటే ఏంటి? చెరువు కింద పొలాలకి నీళ్లు పంచే మనిషి. నీరటి, నీరడి, నీరుడి అని తెలంగాణలోనే రకరకాలుగా పలుకుతారు. రాయలసీమలో, కర్ణాటకలో నీరుగంటి అంటారు. తమిళనాడులో నీర్‌కట్టి. దక్షిణాదిన చెరువు ఉన్న చోటల్లా ఈ మనిషి ఉన్నాడన్నమాట.

నాకు ఇదంతా పట్టింది ఈ ఏడు ఇరిగేషన్ సబ్జెక్ట్ వచ్చాకే. సర్ డ్యూటీ, డెల్టా చెప్తున్నారు. వరికి డెల్టా 120 సెంటీమీటర్లు, బేస్ పీరియడ్ 120 రోజులు అనుకుంటే, 8.64ని 120తో గుణించి 1.2తో భాగిస్తే డ్యూటీ క్యూమెక్‌కి 864 హెక్టార్లు. తర్వాత వారబందీ. అంటే ఉత్తరాది కాలువల కింద రైతులకి వంతుల వారీగా నీళ్లిచ్చే పద్ధతి. అది సిలబస్‌లో ఉంది, పరీక్షలో కూడా వస్తుంది. "సర్, మన చెరువుల కింద ఎవరు పంచేవాళ్లు?" అని అడిగాను. "ఊళ్లో ఎవరో చూసుకునేవాళ్లు లేవయ్యా" అన్నారు. ఆయన తప్పేం లేదు, పుస్తకంలో లేదు మరి. కానీ ఆ 'ఎవరో' మా తాత.

దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మొదటిసారి తాతని కూర్చోబెట్టి అడిగాను. అప్పటిదాకా ఆయనకి పింఛన్ వచ్చిందా అని తప్ప ఏమీ అడిగి ఉండను.

వానాకాలం చెరువు నిండే రోజుల్లో తాత పడక కట్ట మీదే. మత్తడి ఎంత ఎత్తున దూకుతోంది, కట్ట ఎక్కడైనా చెమ్మగిల్లిందా, ఎండ్రకాయ బొక్కల్లోంచి నీళ్లు ఊరుతున్నాయా అని లాంతరు పట్టుకుని చూడాలి. మనం సీపేజ్, పైపింగ్ అని చదివేది అదే. తూముకి ఇనుప చక్రం రాకముందు, నీళ్లలో మునిగి తూము బిరడా తీసి పెట్టేవాళ్లట. యాసంగికి చెరువులో ఎన్ని నీళ్లున్నాయో చూసి, ఎంత ఆయకట్టు సాగు చేయాలో ఊరంతా కూర్చుని తేల్చేవాళ్లు. దాన్ని తైబందీ అంటారు. ఆ కూర్చున్న చోట నీరటి మాటకి విలువ ఉండేది. చెరువు లోతు ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కదా.

"నీళ్లు పైనోనికి ముందుగాల కనబడతయ్ బిడ్డా, కిందోనికి ముందుగాల కావాలె. గా నడుమ నిలబడెటోడే నీరటి" అన్నాడు తాత. హెడ్ రీచ్, టెయిల్ ఎండ్ మధ్య గొడవ గురించి మా పుస్తకంలో రెండు పేజీలుంది. అందులో ఉన్న విషయం ఇదే.

మరి మనకి పొలం ఎందుకు లేదు తాతా అని అడిగాను. "నీరటోనికి పొలముంటే నీళ్లు ఆడికే పోతయని ఉండనియ్యలే" అన్నాడు, చాలా మామూలుగా. కొన్ని ఊళ్లలో నీరటికి ఇనాం భూమి ఇచ్చేవాళ్లు. మా వాళ్లకి మాత్రం కోతలప్పుడు కల్లం దగ్గర కొలిచి పెట్టే మేర వడ్లే. ఊరి పొలమంతా తడిపిన చేతికి ఒక్క మడి లేదు.

ఇక్కడే నేను ఆగి ఆలోచించాను. తాత పని గురించి గొప్పగా రాయడం తేలిక. కానీ ఎక్కువ ఊళ్లలో ఈ పని చేసింది దళితులూ, వెనుకబడిన కులాలవాళ్లూ. వాళ్లు దాన్ని ఎంచుకోలేదు. తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి అంటగట్టారు. తూము దగ్గర తాత మాట చెల్లేది, అదే తాత దొర గడపలోకి అడుగు పెట్టలేకపోయేవాడు. పేరు చెప్పుకోవడమంటే ఆ కాలం బాగుందని చెప్పడం కాదు. బాపు ఆ పని వదిలేసి టౌన్‌లో మోటార్ వైండింగ్ నేర్చుకున్నందుకు నాకు సంతోషమే. చెరువు మీద ఆధారం తగ్గించిన బోర్ల మోటార్లే మా ఇంటికి అన్నం పెట్టాయి.

అయితే పని పోవడం వేరు, ఆ పని తెలిసిన మనుషులు ఉన్నారన్న సంగతే పోవడం వేరు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు 1213 నాటి శాసనంలో ఉంది. దగ్గర్లోనే ఉన్న రామప్ప చెరువు నేటికీ పొలాలకి నీళ్లిస్తోంది. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారు ఇచ్చిన సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. కట్టినవాళ్ల పేర్లు మనకి తెలుసు, తెలియాలి కూడా. కానీ చెరువు కట్టిన రోజుతో పని అయిపోదు. ఆ తర్వాత వందల ఏళ్లు ప్రతి వానాకాలం తూము ఎత్తినవాళ్లు, కట్ట కాసినవాళ్లు ఏ శాసనంలో ఉన్నారు? వాళ్లకి ఉన్న శాసనం ఒక్కటే, ఇంటిపేరు. దాన్ని నేను ఒక అక్షరం, ఒక చుక్క చేసి జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు బాగు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. మా ఊరి చెరువులో కూడా పూడిక తీశారు, కట్ట పోశారు, తూముకి కొత్త చక్రం బిగించారు. ఆ చక్రం ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో చూసే మనిషి మాత్రం ఇప్పుడు మా ఊళ్లో లేడు. తూము దగ్గర పొలం ఉన్నవాళ్లే తిప్పుకుంటున్నారు. రికార్డుల్లో నీరటి ఎప్పుడో గ్రామ సేవకుడై, తర్వాత వీఆర్ఏ అయ్యాడు. 2023లో తెలంగాణలో వీఆర్ఏ వ్యవస్థను కూడా రద్దు చేసి, వాళ్లని వేరే శాఖల్లో సర్దారు. ఇక ఆ మాట మిగిలింది మాలాంటి కొన్ని ఇళ్ల పేర్లలోనే.

అందుకే నాకు అనిపించింది చెప్తున్నాను. మీ ఇనిషియల్ వెనక ఏముందో ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి. ఊరు ఉండొచ్చు, పని ఉండొచ్చు, నవ్వొచ్చే కూరగాయ ఉండొచ్చు. అడిగి రాసిపెట్టుకోండి. బయటికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పనివాళ్లని పిరికివాళ్లు అనే హక్కు ఎవరికీ లేదు. మూడేళ్లు చెప్పనివాణ్ని, నాకు అసలే లేదు. మారాల్సింది ముందు అడిగేవాళ్లు. ఈసారి ఎవరినైనా "ఇంటిపేరేంటి?" అని అడిగే ముందు, జవాబు విని ఏం చేయబోతున్నారో మిమ్మల్ని మీరు ఒకసారి అడుక్కోండి. పేరు కోసమే అయితే అడగండి, ఆ పేరు వెనక కథ కూడా అడగండి. కొలత కోసమైతే అడగకండి.

మొన్న మెస్‌లో ఒక ఫస్ట్ ఇయర్ తమ్ముడు నా కార్డు చూసి, "ఎన్ అంటే ఏంటన్నా?" అన్నాడు. "నీరటి" అన్నాను. "అంటే?" అన్నాడు. వాడికి నిజంగా తెలియదు. లైన్ కదిలేదాకా తూము గురించి, తాత గురించి చెప్పాను. వాడు విని, "మా ఇంటిపేరుకి అర్థమేంటో నేనెప్పుడూ అడగలేదన్నా" అన్నాడు.

ఈ వ్యాసానికి నా పేరు వేసేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా వేయమని ఎడిటర్‌కి చెప్పాను. అక్షరాలు మూడే, చోటు సరిపోతుంది.