పుస్తెలమ్మైనా పులస... మరి పుస్తెలు తీసేశాక?

మా నాన్న త్యాగమూర్తి కాదండీ. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది.

ఆయన పోయి నాలుగు నెలలు దాటింది. ఈ నాలుగు నెలల్లో ఫోన్లలో, వాట్సాప్‌లో విన్నవన్నీ పోగేస్తే తేలిందేమిటంటే.. ఆయన తన కోసం ఏనాడూ ఏమీ కోరుకోలేదట, పిల్లల కోసం కడుపు మాడ్చుకున్నారట, మహా గంభీరమైన మనిషట! ఎవరండీ ఈయన? మా ఇంట్లో ఉన్నాయన మాత్రం కాదు. మా ఇంట్లో ఉన్నాయన పిల్లలకని కొన్న తాపేశ్వరం కాజాల్లో సగం దారిలోనే తినేసి, "బస్సు కుదుపులకి తగ్గిపోయాయిరా" అనేవారు. రమ్మీలో ఓడిపోతున్నానని తెలియగానే ముక్కలన్నీ కలిపేసి "అయ్యో, కరెంటు పోయింది" అనేవారు, నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతుండగా. పెళ్ళికెళ్తే పెళ్ళికొడుకు పేరు గుర్తుండేది కాదు గానీ, ఆ పెళ్ళిలో ఏ బంతికి గారెలు అయిపోయాయో పదేళ్ళ తరవాత కూడా చెప్పేవారు.

ఇక రెండో రకం జనం. "నోరు కట్టుకునుంటే ఇంకో పదేళ్ళు ఉండేవాడు" అంటారు. షుగర్ ఉండేది, నిజమే. అమ్మ స్వీట్ల పొట్లం బియ్యం డబ్బాలో దాస్తే వాసన పట్టేసేవారు, అదీ నిజమే. కానీ ఆ లెక్కలు డాక్టరు దగ్గర చూసుకోవలసినవి. పలకరింపుకొచ్చి, మేమిచ్చిన కాఫీ తాగుతూ, ఆయన భార్య ముందు కూర్చుని చూసేవి కావు. ఆవిడకి అందులో వినపడేది ఒక్కటే.. "నువ్వు వండిపెట్టావు, ఆయన పోయాడు" అని.

సరే, ఈ రెండూ దులిపేసుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది మూడోదానికి. దానికి ముందు చేపల సంగతి కొంచెం చెప్పాలి.

నేనుండేది ఒమన్‌లోని ఖురియాత్‌లో. మస్కట్ నుంచి సూర్ వెళ్ళే దారిలో, సముద్రపొడ్డున ఉన్న జాలర్ల ఊరు. 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటలపాటు ఇక్కడ వేడి 42.6 డిగ్రీల కిందకి దిగలేదు. ప్రపంచ రికార్డు! అందుకని అమ్మానాన్నల్ని జనవరిలోనే పిలిచేవాణ్ణి. మన వంజరాన్ని ఇక్కడ కనద్ అంటారు. ఏటా ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా దాన్ని పట్టటం నిషేధం. ఆ మాట చెప్తే నాన్న, "చూశావా, జనవరిలో రమ్మన్నది ఎండలకి కాదురా, శాస్త్రం అలా ఉంది" అన్నారు.

పొద్దున్నే రేవుకి వెళ్ళేవారు. ఆయన తెలుగులో బేరమాడేవారు, అవతలాయన అరబ్బీలో ఒట్లు పెట్టుకునేవాడు. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, బేరం మాత్రం కుదిరేది. ఇంటికొచ్చి తనే కోసి, తనే పులుసు పెట్టి, అందరికీ వడ్డించి.. అప్పుడు అమ్మ కోసం ఆగేవారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటేగానీ ముద్ద ముట్టేవారు కాదు. "నువ్వు తినకపోతే ఉప్పు సరిపోయిందో లేదో నాకెలా తెలుస్తుంది?" అనేది ఆయన వాదన. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో ఉప్పు తెలియకా? అదొక వంక. ఆవిడ లేకుండా ఆయనకి సయించదు, అంతే.

ఇప్పుడు ఆ మనిషి పేరు చెప్పి అమ్మకిచ్చిన పట్టిక చూడండి. చేపలు మానెయ్యాలి. రాత్రిపూట అన్నం మానెయ్యాలి. "ఆయనకిష్టమైనవి ఆయన లేకుండా నీ గొంతు ఎలా దిగుతాయే" కాబట్టి, కాజా దగ్గర్నుంచి గుత్తొంకాయ దాకా వదిలెయ్యాలి. ఆయనకి ఇష్టం లేనిది ఒక్క కాకరకాయేనండీ, ఆవిడ ఇక జీవితాంతం కాకరకాయ తినాలన్నమాట. టీవీలో జంధ్యాల సినిమా చూస్తూ నవ్వితే, "అప్పుడేనా?" శ్రావణంలో మా దగ్గరివాళ్ళింట్లో పెళ్ళుంది. ఆ పెళ్ళికి రావచ్చట, కానీ ఎదురు రాకుండా వెనక గదిలో కూర్చోవాలట.

మాది గోదావరి జిల్లా. పుస్తెలమ్మైనా పులస తినాలి అన్న సామెత మాదే. సముద్రంలో ఇలసగా ఉన్న చేప వరదల్లో గోదావరికి ఎదురీదేసరికి పులస అవుతుందని చెప్పుకుంటాం. అది దొరికిన రోజున నాన్న, "ఏమోయ్, పుస్తెలు తీస్తావా, పర్సు తియ్యనా?" అని అమ్మని ఏడిపించేవారు. పుస్తెలమ్మైనా తినాల్సిందట, ఆ పుస్తెలు మనమే తీయించిన రోజు నుంచీ తినకూడదట! ఈ తర్కం నాకు ఎవరైనా విడమరిచి చెప్తారా?

పెద్దకర్మ నాడు ఇంకో విడ్డూరం. ఆయనకి ఇష్టమైనవన్నీ వండించాం. కాకికి పెట్టాం. వచ్చినవాళ్ళందరూ "ఆయనకెంత ఇష్టమో" అనుకుంటూ మారు వడ్డించుకుని తిన్నారు. తినాల్సిందే, అది ఆయనకి మర్యాద. కాకి తినొచ్చు, ఊరంతా తినొచ్చు. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆయన ఎవరి కోసం విస్తరి ముందు ఆగారో, ఆ ఒక్క మనిషీ తినకూడదు.

ఇది చెప్తే "సంప్రదాయం బాబూ" అంటారు. అయ్యా, వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆయన ఊరికి మా ఊరు గంట ప్రయాణం. దగ్గర దగ్గర నూటయాభై ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో పెళ్ళే చేసిన వాళ్ళున్నారు, మనమింకా చేప ముక్క దగ్గర ఆగిపోయాం. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ అనే పల్లె 2022 మేలో గాజులు పగలగొట్టటం, బొట్టు చెరపటం లాంటివన్నీ మానేస్తామని పంచాయతీలో తీర్మానం చేసింది. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనీ అదే బాట పట్టమంది. అది చేసింది పల్లెటూరివాళ్ళే!

శ్రీరమణ గారి కథతో భరణి గారు తీసిన 'మిథునం' 2012లో వచ్చినప్పుడు మన బంధువర్గమంతా చూసి కళ్ళొత్తుకుంది. తిండిపుష్టి గల మొగుడూ, ప్రేమగా వండిపెట్టే పెళ్ళామూ, చివర్లో ఆయన పోవటమూ.. ఎంత బాగుందో అన్నారు. బాలు గారికి, లక్ష్మి గారికి అంత కన్నీరు ఖర్చు పెట్టినవాళ్ళే, అచ్చం అలాంటి జంట మన ఇంట్లోనే ఉంటే మిగిలినావిడకి కాకరకాయ రాసిపెట్టారు.

ఇక్కడ మా పక్కింటివాళ్ళు నాన్న పోయారని తెలియగానే కావా, ఖర్జూరాలు పట్టుకొచ్చారు, భోజనం పంపారు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగులు వండి పంపటం వాళ్ళ ఆచారం, మనకీ ఉన్నదే. వాళ్ళలో భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటుంది. అలంకారాలు మానెయ్యాలి, అవసరం ఉంటేనే బయటికెళ్ళాలి. అదేం సుఖమైన సంగతని నేననను. కానీ దానికి ఒక ఆఖరి తేదీ ఉంది. అది దాటాక మళ్ళీ పెళ్ళి చేసుకున్నా వాళ్ళ మతం వద్దనదు. మరి మన పట్టికలో ఆఖరి తేదీ ఏది?

"ఆవిడకే తినబుద్ధి కావట్లేదు, నీకెందుకు?" అని ఒక అత్తయ్య అడిగింది. మంచి ప్రశ్న. అమ్మకి నిజంగా వద్దనిపిస్తే అది ఆవిడ దుఃఖం, నేను బలవంతం చెయ్యను. అయితే అది ఆవిడకి పుట్టిన వద్దో, మీరు పెట్టిన వద్దో తెలియాలంటే ముందు మీరందరూ కాసేపు ఊరుకోవాలి. ఆ సలహాలిచ్చేవాళ్ళలో కొందరు తామూ అదే అనుభవించినవాళ్ళు, అమ్మ మీద ప్రేమతోనే, నలుగురూ ఏమంటారో అన్న భయంతోనే చెప్తున్నారు. అది నాకు తెలుసు. అత్తయ్యా, నీ నోరు కట్టేసినప్పుడు నీకెలా ఉందో నీకు గుర్తే కదా!

ఇంకొక్క లెక్క చూసుకోండి. పెళ్ళాం పోయిన మగవాడింటికి వెళ్తే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "పాపం, ఈయనకి ఎవరు వండిపెడతారు?" మొగుడు పోయినావిడ ఇంట్లో? "ఇక ఏమేం మానెయ్యాలి?" రెండూ చావులే, రెండూ మన నోళ్ళే.

అంచేత మా ఇంటికి వచ్చేవాళ్ళకి మనవి. నాన్నకి దండ వెయ్యకపోయినా ఫరవాలేదు. ఆయన మిమ్మల్ని ఎలా ఏడిపించారో ఒకటి చెప్పండి, అమ్మ నవ్వితే నవ్వనివ్వండి. తరవాత ఆవిడ పక్కన కూర్చుని భోంచెయ్యండి. పెళ్ళికి పిలిస్తే ముందు వరసలో కుర్చీ వేసి పిలవండి, వెనక గదికయితే మేమెవరమూ రాము. వరదలొచ్చాక గోదావరి మీద పులస దిగుతుంది. నేను సెలవు పెట్టి వస్తున్నాను, పులుసు నేనే పెడతాను. ఉప్పు ఎలా ఉందో చెప్పాల్సింది అమ్మే.