కాలిన రీళ్ళు నేర్పిన పాఠం

తండ్రిని కోల్పోయిన ఒక బాలుడు సుమారు ఆరేళ్ళ ప్రాయంలో తల్లి వెంట కలకత్తాలోని భవానీపూర్‌కు, మేనమామ ఇంటికి వచ్చి చేరాడు. అతడే సత్యజిత్ రాయ్. 1955లో ఆయన తొలి చిత్రం ‘పథేర్ పాంచాలి’ విడుదలై లోకాన్ని ఆకట్టుకున్నది. 1992 మార్చిలో ఆయనకు గౌరవ ఆస్కార్ లభించింది. ఏప్రిల్ 23న ఆయన కన్నుమూశారు.

ఆయన చిత్రాలను చిరకాలం భద్రపరచాలని అమెరికాలోని ఆస్కార్ అకాడమీ సంకల్పించింది. ప్రతులు తీసే నిమిత్తం అసలు నెగెటివ్‌లు లండన్‌లోని ఒక లేబొరేటరీకి చేరాయి. 1993 జులైలో అక్కడ అగ్నిప్రమాదం జరిగింది. రక్షణకోసం బయలుదేరిన రీళ్ళు దారిలోనే కాలిపోయాయి.

మిగిలిన ముక్కలు ఏ యంత్రం మీదా నడిచే స్థితిలో లేవు. అయినా అకాడమీ వాటిని పారవేయలేదు. తన భాండాగారంలో దాచి ఉంచింది. ఇరవై ఏళ్ళ తరువాత ఇటలీలోని బొలోనా నగరంలో నిపుణులు దాదాపు వెయ్యి గంటలు చేతులతో శ్రమించి, కరిగి అంటుకున్న జిగురును తొలగించి, చిరిగిన అంచులను అతికారు. ‘పథేర్ పాంచాలి’లో 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా ఆ కాలిన నెగెటివ్‌ల నుండే తిరిగి లభించింది. తక్కినది వేర్వేరు దేశాలలో ఉన్న ప్రతులు ఆదుకున్నాయి. ‘అపుర్ సంసార్’ నెగెటివ్ ఎందుకూ పనికిరాకపోగా, ఆ చిత్రం కేవలం ప్రతుల వల్లనే బ్రతికింది. 2015లో మూడు చిత్రాలూ న్యూయార్క్‌లో మళ్ళీ వెండితెరకెక్కాయి.

ఈనాడు దుకాణం పద్దులూ, ఆసుపత్రి చీటీలూ, పెళ్ళి ఫొటోలూ కంప్యూటరులోనే ఉంటున్నవి. రాత్రివేళ వాటికి నకళ్ళు తీసే బ్యాకప్ ప్రోగ్రాములూ ఉన్నవి. వాటిని అమర్చేటప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి.

మొదటిది: నకలు ఎన్నాళ్ళు ఉంచాలి? ఏడు రాత్రుల నకళ్ళు మాత్రమే నిలిపితే, పది రోజుల క్రితం చెడిన ఫైలు ఏడింటిలోనూ చెడినదే అయి ఉంటుంది. మంచి నకలును ప్రోగ్రాము మన ఆజ్ఞ ప్రకారమే చెరిపివేసి ఉంటుంది. ఏడు దినాలవి, నాలుగు వారాలవి, పన్నెండు నెలలవి ఉంచితే, 23 నకళ్ళతో ఏడాది కాలం వెనుకకు చూడవచ్చు. వాటిలో ఒకదానినైనా వేరొక ఊరిలో ఉంచాలి.

రెండవది: ఏమి వ్రాసి ఉంచాలి? ఏ రాత్రి ఏది నకలైనదో, ఏది తప్పిపోయినదో చెప్పే చిట్టాను ‘లాగ్’ అంటారు. ప్రతి చిన్న విషయమూ వ్రాయిస్తే ఎవరూ చదవరు. మరీ క్లుప్తమైతే లోపం బయటపడదు. తప్పిపోయినవాటిని తప్పక వ్రాసే విధంగా అమర్చి, ఆ చిట్టాను కనీసం నకళ్ళున్నంత కాలం, వేరొక చోట ఉంచడం మేలు.

ఆపైన నెలకొకసారి ఒక పాత నకలును తెరచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే గదా!