ఓ పుస్తకమా, రేపు రా!

1990ల్లో మన ఊళ్లలో చాలా ఇళ్ల తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది, గుర్తుందా? రాత్రిపూట దెయ్యం వచ్చి తలుపు కొడుతుందని పుకారు. ఆ రాత చదువుకుని వెళ్లిపోతుందట. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. పాపం, దెయ్యానికి ఎన్నటికీ ‘ఇవాళ’ దొరకదు. మా వీధిలోనూ సుద్దముక్కలతో రాశారు. అప్పుడు నవ్వుకున్నాను గానీ, తర్వాత ఆరేళ్లపాటు నేను చేసిందీ అదే. కాకపోతే నేను రేపు రమ్మన్నది దెయ్యాన్ని కాదు, బీకాం పుస్తకాల్ని.

ఇంటర్‌ అయిన మరుసటేడే నాకు పెళ్లయింది. ఇద్దరు పిల్లలు, ఓ ప్రైవేటు ఆఫీసులో గుమాస్తా పని. డిగ్రీ ఉంటే గ్రూప్‌-2 రాయొచ్చని ఆశ. 2001లో అంబేడ్కర్‌ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరాను. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఈ సంస్థ దేశంలోనే మొదటి ఓపెన్‌ యూనివర్సిటీ. మధ్యలో చదువాగిన నాలాంటివాళ్ల కోసమే వచ్చింది.

పుస్తకాల కట్ట తెచ్చిన రోజు పూజగదిలో పెట్టి దణ్నం కూడా పెట్టుకున్నాను. సోమవారం నుంచి మొదలెడదామనుకున్నా. పెద్దాడికి పరీక్షలు. అవయ్యాక వేసవి సెలవులు, చుట్టాలు. ఆషాఢం పోనీ అన్నాను. దసరా వెళ్లనీ అన్నాను. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ కట్టను సజ్జ మీదకి ఎక్కించేశాను. పురికొస కూడా విప్పలేదు.

నేను బద్ధకస్తురాలినంటే మా అత్తగారే ఒప్పుకునేవారు కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేదాన్ని. ఆవకాయలు, వడియాలు, ఆఫీసు... ఏదీ ఆగలేదు. పాలవాడికి టైముంది, స్కూలు బస్సుకి టైముంది, కరెంటు బిల్లుకి ఆఖరి తేదీ ఉంది. నా చదువుకి మాత్రం ఏ తేదీ లేదు. దాంతో తేదీ ఉన్న పనులన్నీ దాన్ని వెనక్కి నెట్టేస్తూ పోయాయి.

ఇంకో సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. అకౌంట్స్‌ పుస్తకం తెరిచాక అర్థం కాకపోతే? కట్ట విప్పనంత కాలం నేను తెలివైనదాన్నే! ఫుషియా సిరోయిస్‌, తిమోతీ పిచిల్‌ అనే పరిశోధకులు 2013లో ఒక వ్యాసం రాశారు. వాయిదా వేయడమంటే టైము చాలకపోవడం కాదు, ఆ పని తలచుకుంటే మనసుకు కలిగే ఇబ్బంది నుంచి ఆ పూటకి తప్పించుకోవడం అని దాని సారాంశం. ఆ సంగతి తెలిసినప్పుడు మా సజ్జే గుర్తొచ్చింది.

2007లో ఇంటికి సున్నాలు వేయిస్తున్నప్పుడు మావారు కట్ట దించి, ‘దీన్ని పాత పేపర్లవాడికి వేసేయనా?’ అనడిగారు. వెటకారం కాదు, మామూలుగానే అడిగారు. అదే ఎక్కువ తగిలింది. మళ్లీ ఫీజు కట్టాను.

ఆదివారం క్లాసులు. మీకు తెలుసుగా, ఇంటికి నూనె తలంట్లూ చికెన్‌ కూరా వచ్చేది ఆ రోజే. అవి వదిలి వెళ్తే అక్కడ నా పక్క బెంచీలో యాభైకి దగ్గరపడ్డ ఆర్టీసీ కండక్టరుగారు. ఆఖరి స్టాపులో బస్సు తిరిగేలోపు దొరికే పది నిమిషాల్లో రెండు పేజీలు చదువుతారట. ‘ఎక్కువ టైముంటే నేను చదవనమ్మా, పడుకుంటాను’ అన్నారు. ఒక వారం నేను వెళ్లకపోతే, ‘ఏమ్మా, పోయినవారం కనపళ్లేదు?’ అనడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి తర్వాత ఎన్ని క్లాసులకి వెళ్లానో!

అంతకుముందు నేనూ అందర్లాగే మూడు రంగుల స్కెచ్‌పెన్నులతో టైంటేబుల్‌ వేశాను. గోడ మీద బాగానే ఉండేది, అంతే. పనికొచ్చింది కండక్టరుగారి పద్ధతే. రాత్రి గిన్నెలు కడిగాక ఒక్క లెక్క. ఒకటి చేస్తే రెండోది చేయబుద్ధయ్యేది, చేయకపోయినా తిట్టుకునేదాన్ని కాదు. అర్థం కాని రోజు లెక్కను ఎత్తి రాసుకుని పడుకునేదాన్ని. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ చీటీ మీద రాసి, కరెంటు బిల్లుల మేకుకే గుచ్చాను.

2010లో పాసయ్యాను. ఆఫీసులో అకౌంట్స్‌ సీటిచ్చారు, జీతం పెరిగింది. గ్రూప్‌-2 మాత్రం రాయలేదు. అప్పటికి నా వయసు 38, పరిమితి దాటిపోయింది. ముందే కట్ట విప్పి ఉంటే ఉద్యోగం వచ్చేదో, రాకపోయేదో. అది తెలుసుకునే వీలే లేకుండా చేసుకున్నాను. సర్టిఫికెట్‌ చూసినప్పుడు సంతోషంతో పాటు అదీ గుర్తొస్తుంది.

మొన్న మా కోడలు అంది, ‘ఎడ్‌సెట్‌ రాయాలని ఉంది అత్తయ్యా. బాబు స్కూల్లో చేరాక చూద్దాం లెండి’ అని. దరఖాస్తుకి ఆఖరి తేదీ ఎప్పుడని అడిగాను. చూడలేదంది. ఫోను తన చేతిలోనే ఉంది. చూడమని, పిల్లాణ్ని నేనెత్తుకున్నాను.